ముందు నడువు... తర్వాత నడుపు

*ఫోర్ బై ఫోర్ బండి కొనడానికి డబ్బుంటే చాలు. దారి లేని చోట దాన్ని నడపాలంటే నేలను చదవడం రావాలి. సోమందేపల్లి చుట్టుపక్కల వంకల్లో, గుట్టల్లో, ఏటి ఇసుకలో ఆ చదువు నేర్చుకున్న కథ ఇది.*

"దిగు" అన్నాడు చిన్నాయన.

బండి ఆపి చూశాను. ఎదురుగా వంక. నీళ్లు లేవు. ఎర్రమట్టి గట్టు తెగి, ఏటవాలుగా కిందికి జారి, అడుగున ఇసుకలో కలుస్తోంది. అవతలి గట్టు మీద రెండు కంపచెట్లు, వాటి వెనక వేరుశనగ చేను. సోమందేపల్లి దాటి మట్టిదారి పట్టి ఎంతో దూరం రాలేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల హోరు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఫోర్ బై ఫోర్ కదా చిన్నాయనా, పోతుందిలే" అన్నాను.

"బండి పోతాదిలే నాయనా. యాడికి పోతాండాదో నీకు తెలియాల గదా. దిగి నడువు."

దిగాను. చెప్పులు కూడా తీసేయమన్నాడు. గట్టు పైన మట్టి గట్టిగానే ఉంది. సగం దూరం దిగేసరికి మడమ కింద పెళ్లలు విరిగాయి. అడుగున ఇసుక పైపైన కాలుతోంది, వేలెడు లోతున చల్లగా తగిలింది. "చల్లగా ఉండాదంటే కింద తడి ఉండాది. తడి ఇసుక బండిని మోస్తాది, పొడి ఇసుక మింగుతాది" అన్నాడు. అవతలి గట్టు ఎక్కేచోట, కుడిపక్క గడ్డిలో ఒక రాయి. జాన పెట్టి కొలిచాను. జానెడు దాటి ఇంకో రెండు వేళ్లుంది. నేను నడుపుతున్న మహీంద్రా తార్ కింద, నేలకూ ఇనుముకూ మధ్య ఉన్న ఖాళీ 226 మిల్లీమీటర్లు. అంటే సుమారు జానెడు. సీట్లో కూర్చుని చూస్తే ఆ రాయి కనిపించే అవకాశమే లేదు. నేరుగా వెళ్లి ఉంటే బండి కడుపు దానికి తగిలేది.

ఆ పూట అరగంట నడిచాను, ఐదు నిమిషాలు నడిపాను. వంక దాటాక చిన్నాయన అన్న మాట ఒక్కటే: "ఈపొద్దు నేర్చుకున్నది నడిచినప్పుడే. నడిపింది పరీక్ష."

ఊరూరా తార్

హిందూపురంలోనో ధర్మవరంలోనో టీ అంగడి దగ్గర పది నిమిషాలు నిలబడితే ఒక తారో మారుతి జిమ్నీయో కళ్ల ముందునుంచి వెళ్తుంది. కుర్రాళ్ల ఫోన్లలో అవే రీల్స్: నీళ్లు చిమ్ముకుంటూ వాగు దాటే బండి, చక్రం గాల్లోకి లేచినా గుట్ట ఎక్కేసే బండి. ఆ వీడియోల్లో ఎక్కడా కనిపించనిది, అంతకు ముందు ఎవరో దిగి నడిచిన అరగంట.

ఈ బండి మన పల్లెలకు కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి 1945 దాకా అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. 1945లో పుట్టిన మహీంద్రా సంస్థ ఆ దశాబ్దం ముగియకముందే బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. 2010లో తార్, 2020 అక్టోబరు 2న దాని కొత్త రూపం, 2023 జూన్‌లో ఐదు తలుపుల జిమ్నీ, 2024 ఆగస్టు 15న తార్ రాక్స్ వచ్చాయి. సైన్యానికీ అటవీశాఖకూ పనిముట్టుగా ఉన్న బండి, ఇప్పుడు ఇంటి ముందు నిలిపే కారైంది.

మా తరానికి జీపంటే సంతకు పోయే సర్వీసు. లోపల పదిమంది, వెనక కమ్మీ పట్టుకుని నలుగురు, పైన మూటలు. అవన్నీ నాలుగు చక్రాలకూ బలం అందే బండ్లేమీ కావు. అయినా వంకలు దాటేవి. దాటించింది డ్రైవరు అనుభవం. డ్రైవరు కావాలనుకున్న కుర్రాడు క్లీనరుగా చేరి, ఏళ్ల తరబడి పక్కన కూర్చుని, దిగి రాళ్లు పెట్టి, చక్రాలకు అడ్డం వేసి, చివరికి ఎప్పుడో స్టీరింగ్ పట్టేవాడు. ఇప్పుడు షోరూములో తాళం చేతికొచ్చిన రోజే బండి మనదవుతుంది. డ్రైవింగ్ స్కూలు తారురోడ్డు నేర్పుతుంది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తారు గానీ, ఏటవాలు గట్టు దింపమని అడగరు. దారిలేని దారుల శిక్షణకు మహీంద్రా సంస్థ మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో అకాడమీ పెట్టింది. అంత దూరం పోయి నేర్చుకునేవాళ్లు మనలో కొద్దిమందే. మిగతావాళ్లకు గురువు ఎవరు?

నాకు దొరికిన గురువు ముప్పై ఏళ్లు ట్రాక్టరు, అంతకుముందు కొన్నాళ్లు జీపు నడిపిన రైతు. వరసకు చిన్నాయన.

> అన్ని తార్లూ ఫోర్ బై ఫోర్ కావు
>
> ● 2023 జనవరి నుంచి తార్‌లో వెనక చక్రాలకే బలం అందే రకం కూడా అమ్ముతున్నారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.
> ● తార్ రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్ రకాల్లోనే ఉంది.
> ● ఐదు తలుపుల జిమ్నీ అన్ని రకాల్లోనూ ఫోర్ బై ఫోర్ ఉంది.
> ● గేరు పక్కన రెండో చిన్న లివర్ ఉందా లేదా చూసుకోండి. ఈ బండ్లలో గుర్తు అదే.

కాడి కట్టిన చక్రాలు

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాల బలం, ఏమిటో చిన్నాయన ఎద్దుల లెక్కలో చెప్పాడు. నాకు ఏ పుస్తకమూ అంత తేలిగ్గా చెప్పలేదు.

మామూలు కారులో ఇంజిన్ బలం రెండు చక్రాలకే వెళ్తుంది. ఆ రెంటి మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకు వీలిచ్చేది అదే. తారురోడ్డు మీద అది వరం. బురదలో అదే శాపం. ఒక చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగిందా, బలమంతా దాని వెంటే పోతుంది. గట్టినేల మీదున్న చక్రం కదలకుండా నిలబడిపోతుంది. "కాడి లేని జత ఎద్దుల మాదిరి. ఒగటి పరుగెత్తుతాది, ఇంగొగటి నిలబడుకుంటాది. బండి యాడుండేది ఆడే" అన్నాడు చిన్నాయన.

ఫోర్ బై ఫోర్ లివర్ వేస్తే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ కాడి కట్టినట్టు. ముందువి జారినా వెనకవి తోస్తాయి, వెనకవి జారినా ముందువి లాగుతాయి. కొన్ని బండ్లలో ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకు కూడా కాడి బిగించే లాక్ ఉంటుంది. ట్రాక్టరులో మడమతో తొక్కే డిఫ్ లాక్ చేసేది ఇదే పని. బురదమడిలో ట్రాక్టరు నడిపినవాళ్లందరికీ ఈ విద్య ముందే తెలుసు.

ఒక్క హెచ్చరిక. పొడి తారురోడ్డు మీద ఈ కాడి వేసి మలుపులు తిరగకూడదు. ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాల్సి ఉన్నా కట్టు వదలదు. ఒత్తిడంతా లోపలి పళ్లచక్రాల మీద పడుతుంది. చక్రం కాస్త జారే వీలున్న నేల మీదే ఆ లివర్ ముట్టుకోవాలి.

> చిన్న లివర్ భాష
>
> ● టూ హై: వెనక చక్రాలకే బలం. తారురోడ్డుకు.
> ● ఫోర్ హై: నాలుగింటికీ బలం. మట్టిదారి, వదులు ఇసుక, తడి ఎర్రనేలకు.
> ● ఫోర్ లో: నాలుగింటికీ బలం, వేగం మాత్రం బాగా తక్కువ. తార్‌లో ఈ గేరు ఇంజిన్ లాగుడును 2.48 రెట్లు చేస్తుంది. నిటారు గట్లకు, రాళ్లకు. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి.

నాలుగు రకాల నేల

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. కరువు సీమ అని పేరుపడ్డ నేల. డ్రైవింగ్ నేర్చుకునేవాడికి మాత్రం ఇంత వైవిధ్యమున్న బడి అరుదు. 2022 ఏప్రిల్ నుంచి మా ప్రాంతం శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. సోమందేపల్లి నుంచి ఎటు పోయినా గంటలోపే నేల రంగు మారిపోతుంది.

పెనుకొండ వైపు పోతే గ్రానైటు గుట్టలు. 1565లో రక్కసి-తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. ఈ బండల మధ్య ఎక్కడం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు కాబట్టే! బండ పొడిగా ఉంటే టైరుకు దానంత పట్టు ఇంకేదీ ఇవ్వదు. తడిసి, పాచి పట్టిందంటే దానంత మోసం చేసేదీ లేదు. పరిగి, రొద్దం వైపు పోతే పెన్నా ఇసుక. నల్లరేగడి పొలాలున్న చోట వాన పడితే టైరు గాళ్లలో జిగట నిండి చక్రం నున్నటి రోకలిబండలా తయారవుతుంది. మన ఎర్రనేల పొడిగా ఉంటే రాయి, తడిస్తే సబ్బు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారం. కొత్త కార్లను మోసే పొడవాటి ట్రైలర్లను రోజూ సోమందేపల్లి ప్రాంతపు జనం చూస్తూనే ఉంటారు. దేశానికి కార్లిచ్చే ఈ నేలే, ఆ కార్లు పోలేని చోటికి ఎలా పోవాలో నేర్పే బడి కూడా కావడం నాకు గర్వంగా అనిపిస్తుంది.

కాలు తీసేయడమే కష్టం

మొదటి పాఠం, గట్టు దిగడం. తారురోడ్డు అలవాటు నా కుడికాలిని బ్రేకు మీదికే లాగింది. వదులు మట్టి మీద బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది, బండి ఆగదు. జారుతున్న చక్రానికి స్టీరింగ్ మాట వినపడదు. ఫోర్ లో, మొదటి గేరు వేసి, రెండు కాళ్లూ నేలకు ఆనించి కూర్చోమన్నాడు చిన్నాయన. "ఇంజినే పట్టుకుంటాది, నువ్వు పట్టుకోబాకు." బండి చీమ నడకలో దిగింది. నా చేతులకు చెమట పట్టింది. ఏమీ చేయకుండా కూర్చోవడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు.

రెండో పాఠం, ఎక్కలేకపోవడం. ఎక్కడం ఎవరైనా నేర్పుతారు. సగంలో ఆగిపోతే ఏం చేయాలన్నది చిన్నాయన ముందే నేర్పాడు. క్లచ్ తొక్కి బండిని వెనక్కి వదలకూడదు. గట్టు మీద అడ్డంగా తిప్పకూడదు, బోల్తా పడేది అక్కడే. బ్రేకు మీద నిలిపి, రివర్స్ గేరు వేసి, వచ్చిన గాడిలోనే తిన్నగా వెనక్కి దిగాలి. దీన్ని ఒకే గట్టు మీద పదకొండుసార్లు చేయించాడు. పన్నెండోసారి పైకి ఎక్కమన్నాడు. అప్పటికి భయం పోయింది. దిగే దారి తెలిసినవాడికి ఎక్కడం భయం కాదు.

మూడో పాఠం ఇసుక. టైర్లలో 32 పీఎస్ఐ ఉన్న గాలిని 18కి తగ్గించాం. గాలి తగ్గితే టైరు ఒంటె పాదంలా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. ఇసుకలో మెల్లగా బయలుదేరి, అదే ఊపు నిలుపుకోవాలి. ఆపాలంటే బ్రేకు వేయకూడదు, కాలు తీసి దానంతట దాన్ని ఆగనివ్వాలి. బ్రేకు వేస్తే చక్రం ముందు ఇసుక కుప్ప పడుతుంది, మళ్లీ కదిలేటప్పుడు అదే గోడవుతుంది. తారురోడ్డు ఎక్కేముందు గాలి తిరిగి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగిలిపోతుంది.

ఇంకో చిన్న మాట, పాత జీపు డ్రైవర్లందరూ చెప్పేది: బొటనవేలు స్టీరింగ్ లోపలికి పెట్టకూడదు. చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుస్తుంది.

దిగబడిన సాయంత్రం

మూడో వారం, చిన్నాయన లేకుండా, నడవకుండా, ఒక చెరువు అంచున బండి దించాను. పైన ఎండిన పెచ్చు, కింద బురద. పదడుగులు పోయి ఆగిపోయింది. కంగారులో యాక్సిలరేటరు నొక్కాను. నొక్కినకొద్దీ చక్రాలు గొయ్యి తవ్వుకున్నాయి. రెండు నిమిషాల్లో బండి కడుపు మట్టికి ఆనుకుంది.

ఫోను చేస్తే ట్రాక్టరు తీసుకుని వచ్చాడు. ఒక్క మాట అనలేదు. పార నా చేతికిచ్చాడు. చక్రాల ముందు వాలుగా తవ్వించాడు, కంపలు నరికి పరిపించాడు. అంతా అయ్యాకే మోకు తీశాడు. చట్రానికి ఉన్న కొక్కేనికే కట్టాడు, బంపరుకు కట్టలేదు. మోకు మీద తడి గోనెపట్టా వేశాడు. తెగితే ఎగిరి కొట్టకుండా ఆ బరువు దాన్ని కిందికి లాగుతుంది. చుట్టూ చేరిన పిల్లల్ని మోకు పొడవుకు రెండింతల దూరం పంపించాడు. బిగిసిన మోకును ఎవరూ దాటకూడదన్నాడు. ఎటు తిప్పాలో ఒక్కరే చెప్పాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలన్నాడు. ట్రాక్టరు కుదుపు లేకుండా లాగింది. బండి బయటికొచ్చింది.

ఇంటికి పోయేటప్పుడు అన్నాడు: "చక్రం ఊరికే తిరుగుతాండాదంటే నేల నీతో ఏదో చెప్తాండాదని. కాలు తీసి ఇనాల."

> బండిలో ఉండాల్సినవి
>
> ● పార, గట్టి మోకు లేదా లాగే పట్టీ, సరైన కొక్కేలు
> ● టైరు గాలి కొలిచే మీటరు, గాలి నింపే చిన్న పంపు
> ● చక్రం కింద వేయడానికి పలకలు, జాకీ కింద పెట్టడానికి చెక్క
> ● చేతి తొడుగులు, టార్చి, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె
> ● అన్నిటికంటే ముఖ్యం: వెనక ఇంకో బండి. ఒంటరిగా పోవద్దు.

వెల్దుర్తి గుర్తుందా?

2021 నవంబరు 19. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగింది. ఒక కారు ప్రవాహంలో చిక్కుకుంది. అందులోని వాళ్లను కాపాడాలని జేసీబీతో దిగిన స్థానికులు కూడా నీటి మధ్య చిక్కుబడ్డారు. చివరికి వాయుసేన ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి మొత్తం 10 మందిని పైకి లాగింది. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. సాయానికి దిగిన ఆ మనుషుల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ కారు కంటే ఎన్నో రెట్లు బరువైన జేసీబీ కూడా ఆ నీటి ముందు నిలవలేదన్న సంగతి, ఫోర్ బై ఫోర్ నడిపే ప్రతి ఒక్కరూ గుండెల్లో రాసుకోవాలి.

తార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదని కంపెనీ చెబుతుంది. ఆ లెక్క నిలకడ నీటికి, గట్టి అడుగుకు. పారే నీరు వేరు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు. రెండడుగుల ప్రవాహం పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోగలదు. నీటిలో తేలిన బండికి నాలుగు చక్రాల బలం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చక్రం నేలను తాకితేనే కదా బలం! పైగా ఎర్రనీటి కింద ఏముందో కనిపించదు. ఇసుక తోడిన గుంతలున్న ఏరైతే మరీ ప్రమాదం.

చిన్నాయనకు ఈ సంగతి చాలా ఏళ్ల కిందటే తెలుసు. జీపు నడిపే రోజుల్లో, ఒక రాత్రి పురిటినొప్పులు పడుతున్న ఒకామెను పెనుకొండకు తీసుకుపోతుంటే వంక పొంగింది. ఆమె భర్త కాళ్లావేళ్లా పడ్డాడు, దాటించమని. ఈయన దాటించలేదు. గట్టున ఒక కర్ర పాతి, నీళ్లు దానిమీద ఎంత దిగుతున్నాయో బీడీ వెలుతురులో చూస్తూ కూర్చున్నాడు. జీపు వెనకసీటులోనే, తోడొచ్చిన ముసలామె చేతుల్లో బిడ్డ పుట్టింది. తెల్లారుజామున వంక తగ్గాక తల్లినీ బిడ్డనూ ఆసుపత్రికి చేర్చాడు. "ఆ రాత్రి వాడు నన్ను తిట్టని తిట్టు లేదు" అన్నాడు. "ఇప్పుడు ఆ పిల్ల పెండ్లికి నన్ను పిలిచినారు."

> నీటి దగ్గర ఐదు మాటలు
>
> ● పారే నీటిలోకి దిగొద్దు. అడుగు కనిపించకపోతే అసలే వద్దు.
> ● నిలకడ నీరైనా కర్రతో లోతు చూశాకే.
> ● నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లోపలికి నీరు పోతే ఇంజిన్ విరుగుతుంది.
> ● ఆ నష్టం మామూలు బీమాలో చాలాసార్లు రాదు. ఇంజిన్ రక్షణ విడిగా తీసుకోవాలి.
> ● దాటాక తడి బ్రేకులను మెల్లగా తొక్కి ఆరబెట్టాలి.

చేను దారి కాదు

దారి లేని చోట పోవడమంటే, నేల ఎవరిదీ కాదనుకోవడం కాదు. వాన పడ్డ మర్నాడు వేరుశనగ చేను మీదుగా ఒక్క బండి పోతే, ఆ రెండు గాళ్లలో మట్టి గట్టిపడి మొలక రాదు. గట్టు తెగితే తర్వాతి వాన నీళ్లన్నీ చేను దాటిపోతాయి. చుక్క చుక్కనూ నిలుపుకుని బతికే సీమలో అది చిన్న నష్టం కాదు. చెరువు కట్ట మీద బండ్లు ఎక్కించడం, అనుమతి లేకుండా రిజర్వు అడవిలో దూరడం కూడా అంతే. ఎలుగులు తిరిగే గుట్టల్లో రాత్రిపూట లైట్లు, పాటలు పెట్టుకుని పోయేవాళ్లు తమ ప్రాణాలతో పాటు వాటి ప్రాణాలతో కూడా ఆడుకుంటున్నారు.

ఈ విద్య నిజంగా కావాల్సినవాళ్లు వేరే ఉన్నారు. గాలివానకు తీగలు తెగితే చీకట్లో పోయే లైన్‌మన్లు, రామగిరి గుట్టల మీది గాలిమరల దగ్గరికి ఎక్కే పనివాళ్లు, అటవీ సిబ్బంది, మారుమూల పల్లెకు అంబులెన్సు నడిపే డ్రైవర్లు. వాళ్లకు పద్ధతిగా శిక్షణ ఇవ్వడానికి మన దగ్గర నేలకు కొదవ లేదు, చిన్నాయన లాంటి గురువులకూ కొదవ లేదు. కలిపేవాళ్లు ముందుకు రావాలి.

తంగేడు కొమ్మ

ఆరు నెలలు గడిచాయి. మొన్న ఒక సాయంత్రం పెద్దవాన వెలిశాక, పొలం నుంచి తిరిగొస్తున్నాను. మొదటి రోజు దాటిన ఆ వంకే. మోకాలి లోతు కూడా లేదనిపించే ఎర్రనీళ్లు, పెద్దగా వేగం లేదు. ఆరు నెలల కిందట అయితే లివర్ వేసేవాణ్ని. దిగాను. కర్రతో అంచున చూశాను. రెండడుగుల దాకా నేల తగిలింది. ఆ తర్వాత కర్ర చెయ్యి జారేదాకా పోయింది, అడుగు అందలేదు. బండి వెనక్కి తిప్పుకుని, చుట్టూ తిరిగి హైవే మీదుగా ఇల్లు చేరాను. గంటన్నర పట్టింది.

తెల్లారి పోయి చూస్తే నీళ్లు లేవు. మేం రోజూ దాటే చోట, వరద కోసేసిన నిలువెత్తు గొయ్యి. చిన్నాయన అప్పటికే అక్కడున్నాడు. గొయ్యి అంచున ఒక తంగేడు కొమ్మ నాటి, దానికి ఎర్రగుడ్డ కడుతున్నాడు. తర్వాత వచ్చేవాడు ట్రాక్టరులో వస్తాడో, తార్‌లో వస్తాడో తెలియదు. ఎవరొచ్చినా దూరం నుంచే కనిపించాలని.

నేను కొమ్మ పట్టుకున్నాను. ఆయన ముడి బిగించాడు.